సిమెంటు కళ్లములో అతుకుల సంగతి

మీ ఊరిలోని పాత సిమెంటు కళ్లమును ఒకసారి పరిశీలించి చూడుడు. పగుళ్ళు ఎక్కువగా అతుకుల దగ్గర, అందును మూలలలో కనబడును. సరకు నిండిన ట్రాక్టరు తొట్టి చక్రము అతుకు దాటునపుడే పలక విరుగును. విరిగిన సందులలో వాన నీరు నిలిచిన, పైన పోసిన మిరపకాయకు బూజు పట్టును. ఆ కాయకు బజారులో ధర పలుకదు.

చక్రము పలక నడుమ ఉన్నపుడు బరువు నలువైపులకు పంచుకొనబడును. అంచునకు వచ్చినపుడు మోయుటకు ఒక ప్రక్కనే నేల, పలక ఉండును. 1926లో వెస్టర్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన లెక్క ప్రకారము, అదే బరువునకు అంచున కలుగు ఒత్తిడి నడిమి భాగమున కంటె ఒకటిన్నర రెట్లకు మించును. ప్రక్క పలక సాయము వచ్చినచో ఈ ఒత్తిడి తగ్గును. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి వెనుకాడిన, రెండవదాని మెడ పుండగును గదా!

నేడు ఇంజనీర్లు ఈ పంపకమును కంప్యూటరుపై లెక్కించుచున్నారు. పలకను చిన్న చిన్న గళ్ళుగా విభజింతురు. క్రింది నేలను స్ప్రింగుల వరుసగా, అతుకును రెండు పలకల నడుమ బిగించిన మరికొన్ని స్ప్రింగులుగా భావించి, బరువును ఒక్కొక్క చోట నిలిపి చూతురు. ఇందులో తేలిన విషయ మొకటి గమనింపదగినది. చక్రము క్రింద రెండు పలకలు దాదాపు సమముగా దిగినను, ఒత్తిడిలో పంపకము అంతకంటె తక్కువగానే ఉండును. పైకి బాగున్న అతుకును చూచి మోసపోరాదు.

పల్చని కళ్లములో ఈ సాయము చేయునది కంకర రాళ్ళే. గాడి క్రింద ఏర్పడిన పగులులో అవి ఒకదాని నొకటి కరచుకొని యుండును. సందు ఒక మిల్లీమీటరుకు చేరుసరికి ఆ పట్టు చాలవరకు సడలును. 15 అడుగుల పలక, వేడిమి 20 డిగ్రీలు తగ్గినంతనే ఇంచుమించు అంత కుంచించుకొనును. ఆరుటవలన తగ్గునది వేరు. కావున 4 అంగుళముల మందమునకు 10 అడుగులకు మించిన పలక వలదు. గాడి లోతు మందములో నాల్గవ వంతునకు తగ్గరాదు. కోయుటకు తగినంత గట్టిపడిన వెంటనే, మరునాటికి వాయిదా వేయక, గాడి కోయించవలెను. పెద్ద రోడ్ల అతుకులలో పెట్టు డోవెలు కమ్ములు ఇంత పల్చని పలకకు పనికిరావు. ట్రాక్టరు నడచు దారిని మాత్రము 6 అంగుళముల మందమున పోయించుడు. సిమెంటు మన జగ్గయ్యపేట దగ్గరనే తయారగుచున్నది. లోపమంతయు అతుకు తీర్చుటలోనే.

నందిగామ ప్రాంతపు నల్లరేగడిలో ఇంకొక చిక్కు కలదు. సందులో దిగిన నీటికి మట్టి ఉబ్బి, ఎండకు కుంగును. చక్రము పడినపుడెల్ల బురద నీరు పైకి చిమ్మి, పలక అడుగున బోలు ఏర్పడును. అందుచేత పైమట్టిని తీసి, గ్రావెలు పరచి, తడిపి దిమ్మిస చేసిన తరువాతనే కాంక్రీటు పోయవలెను. ఏటేట కాయ కోతకు ముందు సందులను శుభ్రపరచి తారుతో నింపుడు. ఎండకు పొంగి కాయకు అంటకుండ, తారును పై మట్టమునకు కొంచెము దిగువనే ఆపవలెను. నిండు తొట్టిని మూలలమీద మలుపనీయకుడు.