పాటల పెట్టె పదిలమేనా!

వేయి పాటలు... జేబులో! 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ 5 జీబీ ఐపాడ్‌ని తెచ్చి ఆ మాట అంటే ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. 2022 మే నెలలో ఐపాడ్ల కథ ముగిసింది. కానీ విశాఖ వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గరో, బురుజుపేటలోనో ఏ ఇంట్లోనైనా బీరువా సొరుగు వెతికితే పాత ఐపాడో, ఎంపీ3 ప్లేయరో బయటపడొచ్చు. అందులో ఉన్నవి సినిమా పాటలే అయితే బెంగలేదు, ఎక్కడైనా దొరుకుతాయి. తాతగారు పాడిన పద్యాలో, అమ్మమ్మ పెళ్లిపాటలో క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి, అక్కణ్నుంచి ప్లేయర్‌లోకి ఎక్కించుకున్నవైతే? పోతే మళ్లీ రావు. అందుకే ఈ జాగ్రత్తలు.

‘సరే’ అనేముందు...

ఐపాడ్‌లోని పాటలకు అసలు ఇల్లు కంప్యూటర్‌లోని ఐట్యూన్స్ లైబ్రరీ. ‘సింక్’ పెట్టుకుంటే ఐపాడ్ దానికి అద్దం లాంటిదన్నమాట. కంప్యూటర్‌లో పాట తీసేస్తే, మళ్లీ కలిపినప్పుడు ఐపాడ్‌లోనూ మాయమవుతుంది! వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ‘ఉన్నవి చెరిపేసి ఇక్కడివి ఎక్కించనా?’ అని అడుగుతుంది. తొందరపడి సరే అన్నారో... అంతా ఖాళీ! వద్దనే చెప్పండి. సింక్ బదులు పాటల్ని మనమే ఎంచుకుని ఎక్కించే పద్ధతి పెట్టుకుంటే ఈ భయం ఉండదు. 2019 నుంచి ఆపిల్ కొత్త మ్యాక్‌లలో ఈ పనంతా ‘ఫైండర్’ చూసుకుంటోంది.

దాగుడుమూతలు

పాత కంప్యూటర్ పాడైపోయిందా? కంగారొద్దు. విండోస్‌తో వాడిన, చక్రం ఉన్న ఐపాడ్‌లో డిస్క్‌లా వాడుకునే ఆప్షన్ పెట్టి ఉంటే పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటుంది. దాచిన ఫైళ్లు చూపించమని కంప్యూటర్‌కి చెబితే ‘ఐపాడ్ కంట్రోల్’ అనే ఫోల్డరు, అందులో ‘మ్యూజిక్’ కనిపిస్తాయి. ఫైళ్ల పేర్లు అర్థంపర్థం లేని నాలుగేసి అక్షరాలే. అయినా ఫోల్డరు మొత్తం కాపీ చేసుకోండి. పాట పేరు, గాయకుడి పేరు ఫైల్ లోపలే ‘ట్యాగ్’గా ఉంటే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాటిని చదివేస్తుంది. మామూలు ఎంపీ3 ప్లేయరైతే ఇంత తతంగం ఉండదు, నేరుగా కాపీ చేసుకోవడమే.

ఒక్కరే... ఇద్దరయ్యారు!

ఘంటసాల పేరుని ఇంగ్లిషులో ఒకచోట ‘హెచ్’తో, మరోచోట అది లేకుండా రాస్తే ప్లేయర్‌కి ఇద్దరు గాయకులు! ట్యాగ్‌లో పేరు ఒకేలా రాయండి. మనం పాటను సినిమా పేరుతోనే వెతుకుతాం కాబట్టి ‘ఆల్బమ్’ దగ్గర సినిమా పేరు పెట్టుకుంటే హాయి. ఇంట్లో వాళ్ల పాటలైతే పాడినవారి పేరు, సంవత్సరం తప్పకుండా చేర్చండి. రేపు మనవలకు ఆ గొంతు ఎవరిదో తెలియాలిగా!

మరో ఇంట్లో మరో కాపీ

సముద్రం పక్కన చెమ్మకి క్యాసెట్లు బూజు పడతాయి, కంప్యూటర్లు తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎంత అతలాకుతలం చేసిందో తెలిసిందే. ఉన్న ఒక్క కాపీనీ ఒకే ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు. 128 కేబీపీఎస్ నాణ్యతతో నిమిషం పాటకు దాదాపు 1 ఎంబీ చాలు. అంటే గంట క్యాసెట్ సుమారు 60 ఎంబీ. వంద క్యాసెట్లైనా 6 జీబీలో సర్దుకుంటాయి! హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ మీ దగ్గర, మరొకటి గాజువాకలో ఉన్న అక్కయ్య ఇంట్లోనో, హైదరాబాద్‌లోని తమ్ముడి దగ్గరో ఉంచండి. ఏడాదికోసారి తెరిచి పాడుతున్నాయో లేదో చూసుకోండి.

ఇంకేం, ఈ ఆదివారం ఆ సొరుగు ఓసారి తీసి చూడండి మరి!