పాత సైకిళ్లు – వాని పుట్టినిండ్లు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మన వసారాలలోను, పశువులపాకలలోను మూలబడియున్న పాత సైకిలు. ఇదియు నొక విషయమా యని నవ్వవలదు. పాతయినుము కొనువాడు ఊరిలోనికి వచ్చి, తాతలనాటి సైకిలును తూనికపై వెలకట్టి మోసికొనిపోవుచున్నాడు. అట్టి సైకిలునే ప్రీతితో సేకరించి కాపాడుకొనువారు మన పట్టణములందును, విదేశములందును కలరు. వారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: ఇది యే దేశమున పుట్టినది? ఆ ప్రశ్నకు సమాధానము తెలిసినవాడు బేరమున మోసపోడు. కావున ఏ దేశపు సైకిలునకు ఏ గుణముచేత పేరు వచ్చెనో, మన యింటి బండి యెక్కడిదో యెట్లు గుర్తింపవలెనో విన్నవించెదను.

వస్తువునకును నేలకును గల సంబంధము మీకు నేను చెప్పవలసినది కాదు. రేగడినేల నాగలి వేఱు, ఇసుకనేల నాగలి వేఱు. సైకిలును అట్టిదే. ప్రతిదేశమును తన త్రోవలను బట్టి, తన జనుల యవసరమును బట్టి దానిని మలచుకొనెను. అందుచేత ఏ దేశపుది శ్రేష్ఠమని యడుగుటకంటె, ఏ పనికి ఏది శ్రేష్ఠమని యడుగుట న్యాయము.

ముందుగా వంశచరిత్ర. 1817వ సంవత్సరమున జర్మనీలోని మన్‌హైము నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ అనునతడు ఒక దూలమునకు రెండు కొయ్యచక్రములను ముందువెనుకలుగా అమర్చి నడిపెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు సాగవలెను. 1860 తరువాతి దశకమున ఫ్రాన్సువారు ముందుచక్రమునకు పెడళ్లను తగిలించిరి. పిమ్మట ఇంగ్లండులో వేగము కొఱకు ఆ ముందుచక్రమును పెంచగా పెంచగా అది మనిషి ఛాతీ యెత్తునకు వచ్చెను. రాయి తగిలినచో ఎక్కినవాడు తలక్రిందుగా పడుచుండెను. ఈ యాపదను తప్పించినవాడు కోవెంట్రీ నగరవాసియైన జాన్ కెంప్ స్టార్లీ. అతడు 1885లో చక్రములను ఇంచుమించు సమముగా చేసి, గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు 'రోవరు' సైకిలును వెలువరించెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలిటైరును కల్పించెను. ఈ రెండును కలియుటతో నేటి సైకిలు రూపము స్థిరపడెను.

ఇక దేశములవారి గుణములు. ఇంగ్లండువారిది గట్టిదనము. బర్మింగ్‌హాములో తుపాకులు చేసిన బి.ఎస్.ఏ. సంస్థయే సైకిళ్లను కూడ చేసెను. దాని మూడు తుపాకుల ముద్రను మీలో పలువురు చూచియేయుందురు. తుపాకి పనిలో వెండ్రుకవాసి తేడాకైనను చోటులేదు. ఆ చేతివాటమే సైకిలు పనికిని వచ్చెను. ఉల్వర్‌హాంప్టనులో పుట్టిన సన్‌బీము సైకిలునకు గొలుసు మూసిన పెట్టెలో నూనెతో తడియుచు తిరుగును. దుమ్మునకు అందు ప్రవేశము లేదు. నాటింగ్‌హాములోని ర్యాలీ సంస్థ లోకమంతటికిని సైకిళ్లను పంపెను. 1902లో పుట్టిన స్టర్మీ ఆర్చరు హబ్బు, మూడు వేగములను ఇచ్చు పండ్లచక్రములను వెనుకచక్రపు కడుపులోనే దాచెను. ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, ఇనుపకడ్డీల బ్రేకులు, నిటారుగా కూర్చుండు సీటు, ఇవి ఇంగ్లీషు సైకిలు లక్షణములు.

హాలెండు దేశము పళ్లెమువలె సమతలము; కాని వాన హెచ్చు. కావున 1892లో మొదలైన గజెల్ వంటి అచ్చటి సంస్థలు గొలుసును పూర్తిగా కప్పి, నిత్యవ్యవహారమునకు తగిన బరువైన బండిని చేసిరి. ఎత్తుపల్లములు లేనిచోట బరువు భారముగా తోచదు. పెడళ్లను వెనుకకు త్రొక్కగానే ఆగు బ్రేకును జర్మనీవారు 1903లో టార్పెడో హబ్బుతో ప్రసిద్ధము చేసిరి. చేతితో నొక్కు బ్రేకు అక్కఱలేని యీ యుపాయము హాలెండువారికిని మిక్కిలి నచ్చెను.

ఫ్రాన్సు కొండలదేశము. ఎక్కుడుదారిలో శక్తి చాలదు, దిగుడుదారిలో వేగము చాలదు. కావున గొలుసును ఒక పండ్లచక్రము నుండి మఱియొకదాని మీదికి దుముకించు గేరు పద్ధతిని వారు పెంపొందించిరి. సెంట్ ఎతియేన్ పట్టణమున పాల్ ద వివీ అను పెద్దమనిషి దానికొఱకు జీవితమంతయు వాదించెను. అయినను టూర్ ద ఫ్రాన్స్ అను మహాపందెమున జట్టుల పందెగాండ్రకు 1937లో గాని దాని వాడుకకు అనుమతి రాలేదు. దూరప్రయాణము కొఱకు రెనే హెర్స్, అలెక్స్ సింగర్ అను నిర్మాతలు దీపము, మడ్గార్డు, క్యారియరు మొదలగు సమస్తమును ఒకే యాలోచనతో అమర్చి చేసిన బండ్లు నేటికిని పనివారికి పాఠములు.

ఇటలీవారిది అందమును, వేగమును. మిలానులో 1885లో ఎడ్వర్డో బియాంకి స్థాపించిన సంస్థవారి లేత ఆకుపచ్చ నీలిరంగు జగత్ప్రసిద్ధము. ఆ సంస్థ బండిపైననే ఫౌస్తో కోప్పి 1949లో ఇటలీ, ఫ్రాన్సు దేశముల మహాపందెములను రెంటిని ఒకే యేట గెలిచెను; అంతకుముందు ఎవ్వరికిని అది సాధ్యపడలేదు. పనిముట్టు లేకయే చక్రమును క్షణములో ఊడదీయు మీటను లోకమునకు ఇచ్చినవాడు విచెన్జా నగరపు తూల్యో కాంపన్యోలో. జపానువారు ఆలస్యముగా వచ్చిరి. వచ్చి గురువులను మించిరి. షిమానో సంస్థ 1921లో సకాయి పట్టణమున, కత్తులకు తరతరములుగా పేరుపొందిన చోట, పుట్టెను. 1964లో సన్‌టూరు సంస్థ చేసిన గేరు అమరికను పిమ్మట లోకమంతయు అనుసరించెను.

ఇన్నిటిలో నీకేది యిష్టమని యడిగినచో, నేను ఇంగ్లీషుదాని పక్షము. పల్లెబడులలో పనిచేసినన్నాళ్లు నేను తిరిగినది ఆ పద్ధతి సైకిలు మీదనే. కాలువగట్లపైన, గోతులబాటలపైన, వెనుక బియ్యపు మూటతో సాగిన బండి ఇటలీ పందెపు గుఱ్ఱము కాజాలదు. అదియుగాక ఆ పద్ధతి మన దేశమున వేరూనినది. 1949లో మద్రాసున ట్యూబ్ ఇన్వెస్టుమెంట్సు అను ఆంగ్లసంస్థ పొత్తుతో టి.ఐ. సైకిళ్ల సంస్థయు, అటుపిమ్మట ఆసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ కర్మాగారమును, 1956లో లుధియానాలో హీరో సంస్థయు సైకిళ్ల నిర్మాణము సాగించినవి. కావున ఈ బండి చెడినచో బాగుచేయువాడు ప్రతి సంతలోను దొరకును. వస్తువు విలువలో సగము అదియే గదా!

ఇచ్చటనే ఒక హెచ్చరిక. హెర్క్యులీసు, ర్యాలీ అను పేర్లు ఇంగ్లండు బండ్లకును కలవు, మనదేశపు బండ్లకును కలవు. పేరు మాత్రము చూచి ఇంగ్లండుదని నమ్మరాదు. హ్యాండిలు క్రింది బిళ్లను మెత్తని గుడ్డతో తుడిచి, దానిపై ఊరిపేరును చదువుడు. వెనుక హబ్బు స్టర్మీ ఆర్చరుదైనచో, తయారైన యేటి చివరి రెండంకెలును నెలయు పెక్కింటిపై చెక్కబడియుండును. 52, 6 అని యున్నచో అది 1952వ యేటి జూను మాసము. అయితే చక్రము మార్చినచో హబ్బును మాఱును గనుక రెండు సాక్ష్యములను పోల్చుకొనవలెను. పెడళ్ల ఇరుసును పట్టియుంచు కప్పులును పుట్టుక చెప్పును. ఇంగ్లీషు పద్ధతిలో కుడిప్రక్క కప్పు ఎడమకు త్రిప్పిన బిగియును. ఇటలీ పద్ధతిలోను, పాత ఫ్రెంచి పద్ధతిలోను రెండు కప్పులును కుడికి త్రిప్పిననే బిగియును. నాటింగ్‌హాము ర్యాలీకి మర కూడ వేఱు: ఇతరులకు అంగుళమునకు ఇరువదినాలుగు చుట్లు, దానికి ఇరువదియాఱు. ఇది యెఱుగక సుత్తితో బలవంతముగా ఎక్కించినచో ఫ్రేమే చెడును.

తుదకు మూడు మాటలు. పాతరంగుపై క్రొత్తరంగు పూయింపకుడు; ఆ రంగును, గీతలును, ముద్రలును బండికి జన్మపత్రిక వంటివి. తుప్పునకు నూనె రాయుడు. ఊడిన భాగములను పాఱవేయక ఒక సంచిలో దాచుడు. నాటింగ్‌హాములో ర్యాలీ సైకిళ్ల నిర్మాణము 2002లో ముగిసినది. ఆ యింటి బిడ్డలు ఇక పుట్టరు. అమ్ముట, ఉంచుకొనుట మీ యిష్టము. కాని అమ్మినను తెలిసి అమ్ముడు. త్రాసులో వేయుటకు ముందు బిళ్ల చదువుడు.