యంత్రానికి నీటి జల్లెడ: దాని శుభ్రత, సంరక్షణ



మీకు పద్యం, ఛందస్సు బోధించే తెలుగు అధ్యాపకుడు ఈ సంచికలో ఒక జల్లెడను గురించి వ్రాయడం చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చు. విషయం చిన్నదే. కాని దానిని అశ్రద్ధ చేయడం వలన కలిగే నష్టం చిన్నది కాదు. ఆ నష్టాన్ని మా కుటుంబం స్వయంగా అనుభవించింది. అందుచేతనే ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

జనగామ మెట్టసీమలో పుట్టిన విద్యార్థికి పడవ దూరపు వస్తువు. భూపాలపల్లి జిల్లా విద్యార్థికి అలా కాదు. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. వంతెన రాకముందు ఆవలి ఒడ్డునున్న సిరొంచకు జనం పడవలపైనే రాకపోకలు సాగించేవారు. మహబూబాబాద్ జిల్లా విద్యార్థికి పడవ తెలియకపోయినా, ఆకేరు, మున్నేరు ఒడ్లపై పొలాలకు నీరు తోడే ఆయిలింజను తెలుసు. మరబోటు ఇంజనుకూ, వాగు ఒడ్డున ఉండే ఆయిలింజనుకూ ఒక పోలిక ఉన్నది. రెండూ తమను చల్లబరచుకొనడానికి బయటి నీటిమీదనే ఆధారపడతాయి.

డీజిల్ యంత్రంలో మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే ఇరుసును త్రిప్పుతుంది. మిగిలినది వేడి. ఆ వేడిలో కొంత పొగతోపాటు బయటకు పోతుంది. కొంత సిలిండరు గోడలకు చేరుతుంది. దానిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే నూనె పలుచబడి, పిస్టను వ్యాకోచించి, సిలిండరులో బిగుసుకొనిపోతుంది. లారీకి ఈ పని రేడియేటరు చేస్తుంది. పడవ చుట్టూ నీరే ఉన్నది గనుక, ఆ నీటినే లోనికి తీసికొని, వేడిని అప్పగించి, తిరిగి బయటకు పంపుతారు. ఒడ్డున ఉండే ఆయిలింజనుకు పంపు తోడిన నీటిలోనుంచే ఒక సన్నని గొట్టం ద్వారా కొంత నీటిని మళ్ళిస్తారు.

నది నీరు శుద్ధమైనది కాదు. నాచు, ఆకులు, పుల్లలు, గుర్రపుడెక్క వేళ్ళు, ఈ కాలంలో వీటన్నిటినీ మించి ప్లాస్టిక్ సంచులు అందులో కొట్టుకొని వస్తాయి. ఇవి లోనికి పోకుండా అడ్డుకొనేదే జల్లెడ. పడవలో దీనిని రా వాటర్ స్ట్రెయినర్ అంటారు. పడవ అడుగున ఒక రంధ్రం, దానికి ఒక వాల్వు, ఆ పైన మూత గల డబ్బా, డబ్బాలో చిల్లుల బుట్ట, తరువాత రబ్బరు రెక్కల పంపు: ఇదీ వరుస. ఒడ్డున ఉండే ఇంజనుకు ఈ జల్లెడ నీటిలో మునిగివుండే ఫుట్‌వాల్వుకే అమర్చి ఉంటుంది. మన రైతులు దానిని జాలీ అంటారు.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం గమనించాలి. పంపు నీటిని లాగుతుందని మనం అనుకొంటాం. నిజానికి పంపు తన నోటివద్ద ఒత్తిడిని తగ్గిస్తుంది, అంతే. నీటిని పైకి నెట్టేది బయటి వాతావరణపు ఒత్తిడి. ఆ బలం దాదాపు 10 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే నిలపగలదు. ఆచరణలో 6, 7 మీటర్లకు మించి ఆశించరాదు. జల్లెడ మూసుకొన్నకొద్దీ ఈ కొద్దిపాటి బలం జల్లెడను దాటడానికే ఖర్చయిపోతుంది. ఒత్తిడి మరీ పడిపోతే నీరు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు పంపు చక్రంపై పగిలి లోహాన్ని గుంటలుపడేటట్లు తినివేస్తాయి. పడవ పంపులోని రబ్బరు రెక్కలకు నీరే కందెన. నీరందకపోతే అవి కొద్ది నిమిషాలలోనే మాడి ముక్కలవుతాయి.

జల్లెడకు ఒక మోసపు గుణమున్నది. 3 అంగుళాల గొట్టపు నోటి వైశాల్యం సుమారు 7 చదరపు అంగుళాలు. జల్లెడ చిల్లుల మొత్తం వైశాల్యం దానికి మూడింతలు, అనగా 21 చదరపు అంగుళాలు ఉన్నదనుకొందాం. అప్పుడు జల్లెడ సగం మూసుకొన్నా గొట్టానికి చాలినంత దారి మిగిలే ఉంటుంది. నీటి ధారలో తేడా కంటికి అంతగా కనిపించదు. మూడింట రెండు వంతులు దాటిన పిమ్మట మాత్రం ధార త్వరత్వరగా పడిపోతుంది. కనుక లోపం కనిపించిననాడు శుభ్రం చేద్దామనుకొనేవాడు ఆలస్యంగా మేల్కొన్నవాడే అవుతాడు.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో ఆకేరు ఒడ్డున మాకు కొద్దిపాటి మిరప తోట ఉండేది. ప్రతి ఉదయం ఇంజను వేయడానికి ముందు తాడు పట్టి ఫుట్‌వాల్వును పైకి లాగి జాలీ కడగడం నా పని. వారం రోజులపాటు ఏమీ చిక్కుకోలేదు. రోజూ శుభ్రంగా ఉన్నదానిని కడగడమెందుకని నేను మూడు దినాలు మానివేశాను. నాలుగవ నాడు అబ్బాజాన్ ఇంజను వేసి, నీరు మళ్ళించడానికి తోట చివరకు వెళ్ళారు. కొంతసేపటికి ఇంజను బరువుగా మూలిగి ఆగిపోయింది. చక్రం త్రిప్పబోతే కదలలేదు. మెకానిక్ వచ్చి చేయి పెట్టి చూచి, “సాహెబ్, ఇంజన్ పాతదై చెడిపోలే. నీళ్లందక చెడిపోయింది. ముందుగాల జాలీ తీసి చూడుండ్రి” అన్నాడు. జాలీ చుట్టూ ఒక ప్లాస్టిక్ సంచి, దానిపై నాచు పేరుకొని ఉన్నాయి. పిస్టను, లైనరు మార్చేసరికి పది దినాలు పట్టింది. పూత మీదనున్న తోట సగం ఎండిపోయింది. అబ్బాజాన్ నన్ను ఒక్క మాట కూడ అనలేదు. మరునాటి నుండి జాలీ తామే కడుగుకొనసాగారు. ఆ మౌనం నేటికీ నాకు గుర్తున్నది.

ఇక శుభ్రపరచే విధానం తెలిసికొందాం. పడవలో మొదట ఇంజను ఆపాలి. పిమ్మట అడుగు వాల్వును పూర్తిగా మూయాలి. దీనిని మరచి మూత తీస్తే నది నీరు పడవలోనికి వస్తుంది. మూతను కొద్దిగా మాత్రమే వదులు చేసి చూడాలి. వాల్వు మూసినా నీరు ఉబికి వస్తున్నదంటే వాల్వు చెడినట్లే. వెంటనే మూత బిగించి, ముందు దానిని బాగుచేయించాలి. నీరు రాకపోతే బుట్టను తీసి, చెత్త తొలగించి, లోపలినుండి బయటకు నీరు పోస్తూ మెత్తని బ్రష్షుతో కడగాలి. ఇనుప చువ్వతో గీకరాదు. చిల్లులు పెద్దవైతే జల్లెడ ఉండీ లేనట్లే. తుప్పుతో తెగిన బుట్టను మార్చాలి.

తరువాత మూత క్రింది రబ్బరు పట్టీని చూడాలి. అది పగిలితే అక్కడినుండి గాలి లోనికి పోతుంది. గాలి చొరబడిన పంపు నీటిని అందుకోలేదు. బుట్టను సరిగా కూర్చోబెట్టి, డబ్బాను నీటితో నింపి, మూతను చేతితో బిగించి, అడుగు వాల్వును తెరవాలి. ఈ చివరి పని మరచిపోతే శుభ్రం చేసిన శ్రమే యంత్రానికి చేటు తెస్తుంది. ఇంజను వేసిన వెంటనే వెనుకకు వెళ్ళి, పొగ గొట్టంతో నీరు ధారగా పడుతున్నదో లేదో చూడాలి. ధార సన్నగిల్లినా, పొగలో ఆవిరి కనిపించినా, ఉష్ణోగ్రత ముల్లు పైకి జరిగినా ఇంజను ఆపాలి.

వాగు ఒడ్డున పని ఇంకా సులభం. ఇంజను ఆపి, ఫుట్‌వాల్వును తాడుతో పైకి తీసి జాలీ కడగాలి. లోపలి రెక్క సరిగా మూసుకొంటున్నదో చూడాలి. అక్కడ పుల్ల చిక్కుకొంటే గొట్టంలోని నీరంతా జారిపోతుంది. జల్లెడ చెత్తనే ఆపుతుంది గాని సన్నని ఇసుకను ఆపలేదు. కనుక ఫుట్‌వాల్వు అడుగు ఇసుకను తాకకుండ ఒక అడుగు ఎత్తున ఉండాలి. గాలి పీల్చకుండ తగినంత లోతులోనూ ఉండాలి. విద్యుత్ మోటారైతే మెయిన్ స్విచ్ తీయకుండ నీటిలో చేయి పెట్టరాదు. పడవకైనా, పొలానికైనా రోజూ ఒకసారి జల్లెడ చూడాలి. వరద నెలల్లో రెండు మూడుసార్లు చూడాలి.

ఈ నియమం చిన్న యంత్రాలకు మాత్రమే కాదు. 2011లో స్కాట్లండులోని టోర్నెస్ అణువిద్యుత్ కేంద్రాన్ని, 2013లో స్వీడనులోని ఆస్కార్స్‌హామ్ కేంద్రంలోని ఒక రియాక్టరును తాత్కాలికంగా నిలిపివేశారు. కారణం, సముద్రపు నీరు తీసికొనే జల్లెడలను జెల్లీచేపలు గుంపులుగా వచ్చి అడ్డగించడమే. మన జనగామ మెట్టకు నీరిచ్చే దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని గంగారం వద్ద తీసికొంటుంది. 2019లో ములుగు జిల్లా ఏర్పడకముందు ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. అంతటి పంపులకైనా, మా తోటలోని చిన్న పంపుకైనా నదికీ యంత్రానికీ మధ్య ఒక అడ్డు ఉండాలి. ఆ అడ్డును శుభ్రం చేసే మనిషీ ఉండాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన ఆవరణలో నీటి పంపు వద్ద ఒక చిన్న పుస్తకం వ్రేలాడదీసి, జాలీ కడిగిన తేదీ, కడిగిన విద్యార్థి పేరు వ్రాయించండి. ఖర్చు ఏమీ లేదు. విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు సేద్యం చేస్తారు. రోజూ శుభ్రంగానే ఉన్నది గదా అని చేసే పనిని మానకండి. మీరు రోజూ కడుగుతున్నందువల్లనే అది శుభ్రంగా ఉన్నది.