అద్దం లేని కెమెరా - వసారాలో పరీక్ష

సెలవులకు స్వదేశం వెళ్ళివచ్చిన ప్రవాస తెలుగు కుటుంబాలలో తరచు కనిపించే దృశ్యం ఒకటుంది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి, ఊళ్ళో తీసిన వీడియోలు చూస్తారు. చార్మినార్ తళతళలాడుతూ ఉంటుంది. గోదావరి గట్టు కన్నుల పండువుగా ఉంటుంది. కాని పొద్దుగూకిన వేళ వసారాలో కూర్చుని నాయనమ్మ చెప్పిన కథ దగ్గరికి వచ్చేసరికి ముఖం మసకబారి ఉంటుంది. మాటను ఫ్యాను చప్పుడు మింగేసి ఉంటుంది. చార్మినార్‌ను మరుసటి ఏడు మళ్ళీ తీయవచ్చు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి నోట ఆ కథ మళ్ళీ వినగలమన్న పూచీ లేదు. ప్రయాణానికి కెమెరాను ఎంచుకునేవారికి అసలు పరీక్ష ఆ వసారాలోనే ఉంది.

ఇటువంటి ప్రయాణికుల కోసం, తమ యాత్రను తామే మాట్లాడుతూ చిత్రించుకునే వ్లాగర్ల కోసం, చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి. 2021లో సోనీ సంస్థ విడుదల చేసిన జడ్‌వీ-ఈ10 వాటిలో ఒకటి. దానినే ఉదాహరణగా తీసుకుని ఈ జాతి కెమెరాల గుణదోషాలు విచారించవచ్చు.

అద్దం ఎందుకు పోయింది?

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు వెనుక 45 డిగ్రీల వాలుగా ఒక అద్దం ఉంటుంది. అది కాంతిని పైకి మళ్ళించి కంటికి చూపుతుంది. మీట నొక్కగానే పైకి లేచి ఫిల్ముకో సెన్సర్‌కో దారి ఇస్తుంది. అది కదలడానికి చోటు కావాలి. కానన్ ఈఎఫ్ పద్ధతిలో లెన్సు అమర్చే అంచుకూ సెన్సర్‌కూ మధ్య 44 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. అద్దం తీసివేసి, సెన్సర్ మీద పడిన బింబాన్నే తెరపై చూపితే అంత ఎడం అక్కరలేదు. సోనీ ఈ-మౌంటులో అది 18 మిల్లీమీటర్లే. అందువల్లనే జడ్‌వీ-ఈ10 బ్యాటరీతో సహా 343 గ్రాములు, 16-50 జూమ్ లెన్సు 116 గ్రాములు తూగుతాయి. రెండూ కలిపి అరకిలోకు లోపే.

వెలుగు లెక్క

24 మెగాపిక్సెళ్ళన్న ప్రకటన చూసి మురిసిపోనక్కరలేదు. 4కె వీడియోలో ఒక్కొక్క చిత్రానికి కావలసినవి 83 లక్షల పిక్సెళ్ళే. ముఖ్యమైనది సెన్సర్ సేకరించే కాంతి. కాంతి కణాలు వానచినుకుల వలె క్రమం లేకుండా వచ్చి పడతాయి. సగటున 100 కణాలు పడేచోట పది అటూ ఇటూ అవుతాయి. అంటే నూటికి పది వంతుల ఒడిదుడుకు. 10,000 పడేచోట అది నూటికి ఒక్క వంతే. మసక వెలుతురులో తీసిన బొమ్మ మీద ఇసుక చల్లినట్లు కనబడడానికి ముఖ్య కారణం ఈ ఒడిదుడుకే.

ఈ కెమెరా సెన్సర్ వైశాల్యం సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోనులో ప్రధాన సెన్సర్‌ది 70 ప్రాంతం. అయిదు రెట్ల తేడా! అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ ఫోను లెన్సు సుమారు ఎఫ్ 1.8, కెమెరాతో వచ్చే జూమ్ లెన్సు ఎఫ్ 3.5తో మొదలవుతుంది. అంటే అది లోనికి వదిలే కాంతి తీవ్రత దాదాపు నాలుగో వంతే. సెన్సర్ వల్ల కలిగిన లాభం లెన్సు దగ్గరే చాలావరకు హరించుకుపోయింది. ఎఫ్ 1.8 లెన్సు విడిగా కొని తగిలిస్తేనే ఆ అయిదు రెట్లూ దక్కుతాయి. జూమ్ లెన్సుతో వసారాలో అద్భుతాలు ఆశించినవారికి ఆశాభంగం తప్పదు.

మాట, నిలకడ

ధ్వని విషయంలో ఈ కెమెరా మెరుగైనదే. పైన మూడు గుళికల మైకు, గాలిహోరు తగ్గించే బొచ్చు తొడుగు ఉన్నాయి. బయటి మైకుకు తావు కూడా ఉంది. మైకును రెండు మీటర్ల దూరం నుంచి అర మీటరుకు తెస్తే మాట తీవ్రత 16 రెట్లు పెరుగుతుంది. గదినిండా ఉన్న ఫ్యాను హోరు అంతగా పెరగదు. చీర కొంగుకు తగిలించిన చిన్న కాలర్ మైకు ఎంత ఖరీదైన లెన్సూ చేయలేని మేలు చేస్తుంది.

నిలకడలో మాత్రం లోపం ఉంది. చేతి వణుకును సర్దుకునేలా సెన్సర్‌ను కదిలించే ఏర్పాటు ఇందులో లేదు. 2024లో వచ్చిన రెండవ రూపంలో బ్యాటరీ పెద్దదయింది గాని, ఈ లోటు తీరలేదు. ఉన్న ఎలక్ట్రానిక్ పద్ధతి చిత్రం అంచులను కత్తిరించి కుదుపును దాస్తుంది. చేయి చాపి తమను తాము తీసుకునేవారికి తెర నిండా ముఖమే మిగులుతుంది. నడుస్తూ తీసేవారికి ఫోనే నయం. కూర్చున్న మనిషిని తీయడానికి చిన్న ట్రైపాడ్ చాలు.

సెన్సర్ బింబాన్ని వరుస తరువాత వరుసగా చదువుతుంది. అందుచేత రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి తీస్తే ఉక్కు కమ్మీలు ఒరిగిపోయినట్లు కనిపిస్తాయి. ఇంటిలో నల్లని చారలు పాకడానికీ ఈ చదివే తీరే కారణం. అమెరికా విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు, భారతదేశంలో 50. చాలా దీపాలు దానికి రెట్టింపు వేగంతో మినుకుమంటాయి. అమెరికా అమరికతో వెళ్ళిన కెమెరాలో షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చితే చారలు మాయమవుతాయి.

తేమ, బ్యాటరీలు

ఏసీ గదిలో చల్లబడిన లెన్సును కోస్తా ఉక్కపోతలోకి తెస్తే గాజు మీద తేమ పడుతుంది. మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, వెచ్చబడిన తరువాతే బయటికి తీయాలి. తేమ నిలిస్తే గాజుపై బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయడం మంచిది. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చేతిసంచిలోనే తీసుకువెళ్ళాలి. ఈ కెమెరా బ్యాటరీ 7.3 వాట్-గంటలే గనుక, 100 వాట్-గంటల సాధారణ పరిమితికి ఎంతో లోపే ఉంటుంది.

పగటి వెలుగులో గుడులూ గోపురాలూ మాత్రమే కావాలనుకునే కుటుంబానికి చేతిలోని ఫోను చాలు. పెద్దల ముఖం, మాట దాచుకోదలచినవారికి ఈ కెమెరా తగినదే. అయితే ఎఫ్ 1.8 లెన్సు, కాలర్ మైకు, ట్రైపాడ్ మూడూ తోడైనప్పుడే. అన్నింటికంటె ముందు, ప్రయాణానికి వారం రోజుల ముందే రాత్రిపూట సొంత ఇంటిలో ఒక్క దీపం కింద, ఫ్యాను వేసి, పిల్లల చేత పద్యం చెప్పించి రికార్డు చేసి చూసుకోవాలి. అక్కడ తప్పితే దిద్దుకోవచ్చు. నాయనమ్మ ముందు తప్పితే దిద్దుకోవడానికి వ్యవధి ఉండకపోవచ్చు.