శుభ్రత పేరిట సిగ్గు వ్యాపారం

పరిశుభ్రత సరుకును అమ్మదలచిన వ్యాపారికి మొదటి చిక్కు ఏమిటంటే, కొనవలసిన మనిషికి తనలో లోటు ఉన్నదన్న స్పృహే ఉండదు. అందువల్ల ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికా ప్రకటనకర్తలు సరుకు గుణగణాలను వర్ణించే పాత పద్ధతిని క్రమంగా విడిచి, స్త్రీ తన ఒంటిని తానే అనుమానించుకొనేటట్లు చేయడం నేర్చుకున్నారు.

సిన్సినాటి నగరానికి చెందిన ఒక శస్త్రవైద్యుడు తన చేతులకు చెమట పట్టకుండా తయారుచేసుకున్న ద్రవాన్ని ఆయన కుమార్తె ఎడ్నా మర్ఫీ 'ఒడొరోనో' పేరుతో చంకల చెమటకు మందుగా అమ్మింది. 1919లో ప్రకటనల రచయిత జేమ్స్ వెబ్ యంగ్ దానికి రాసిన ప్రకటన 'లేడీస్ హోమ్ జర్నల్'లో వెలువడి, చెమట వాసన స్త్రీకి తెలియకపోయినా ఇతరులకు తెలుస్తుందన్న భయాన్ని నాటింది. దాదాపు 200 మంది పాఠకులు అవమానంగా భావించి చందాలు మానుకున్నా, ఏడాదిలో అమ్మకాలు 112 శాతం పెరిగి 4,17,000 డాలర్లకు చేరాయి. తనకు తెలియని తప్పు తనలో లేదని ఎవరూ రుజువు చేసుకోలేరు గనుక, ఈ భయానికి సీసా కొనడం తప్ప విరుగుడు మిగలలేదు. నోటి దుర్వాసనకు వైద్యులు వాడే 'హాలిటోసిస్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన, నోరు పుక్కిలించే ద్రవం 'లిస్టరిన్' కూడా, పెళ్లి కుదరని యువతి బొమ్మతో ఇదే దారి పట్టింది.

వీటన్నిటికంటె దారుణమైనది 'లైసోల్' కథ. నేలను కడిగే ఈ క్రిమిసంహారిణిని 1930, 40 దశకాలలో స్త్రీలు యోని ప్రక్షాళనకు, అంటే యోని లోపలి భాగాన్ని ద్రవంతో కడుక్కోవడానికి, వాడాలని పత్రికలు ప్రకటించాయి. మొగం చాటుచేసిన భర్త, కుమిలిపోతున్న భార్య, ఆమె శుభ్రత పాటించకపోవడమే కారణమన్న తీర్పు, ఇదే ఆ ప్రకటనల కథ. వాటిలో వాడిన 'స్త్రీల పరిశుభ్రత' అన్న మాట నిజానికి గర్భనిరోధానికి మారుపేరు. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సమాచారాన్ని తపాలాలో పంపడాన్ని నిషేధించినందున వ్యాపారులు ఆ సంగతిని సూచనగానే చెప్పేవారు, పాఠకురాళ్లు గ్రహించేవారు. ఆనాటి లైసోల్‌లోని క్రెసాల్ అనే ఘాటైన రసాయనం వల్ల మంటలు, బొబ్బలు, కొన్నిసార్లు మరణాలు కూడా సంభవించాయి. పైగా 1933లో నెవార్క్ వైద్యకేంద్రం పరిశీలించిన 507 మంది వాడకందార్లలో దాదాపు సగం మంది గర్భం దాల్చారు. ఆడవారి శరీరం గురించి బాహాటంగా మాట్లాడరాదన్న కట్టుబాటు లేకపోతే ఇంత హాని ఇన్నేళ్లు సాగేది కాదు.

ఆ భర్త, ఆ భార్య 2012లో భారతీయ టెలివిజన్ తెరమీద మళ్లీ కనిపించారు. 'క్లీన్ అండ్ డ్రై' ప్రకటనలో భర్త వార్తాపత్రికలో మునిగి ఉండగా దిగులుపడిన భార్య, మర్మాంగాల చర్మాన్ని కూడా తెల్లబరుస్తుందన్న ద్రవాన్ని వాడి అతని ఆదరణ పొందుతుంది. యోనిలో సహజంగా ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు దానిని ఆమ్లగుణంతో కాపాడుతాయి, బయటి భాగానికి మామూలు నీరు చాలు. అమ్ముకోవడానికి వీలులేని ఈ సత్యాన్ని ఏ ప్రకటనా చెప్పదు. 'క్లీన్ అండ్ డ్రై' ప్రకటన మీద దేశ విదేశాలలో తీవ్రమైన విమర్శ రావడం న్యాయమే.

శానిటరీ ప్యాడ్ల ప్రకటనలలో సిగ్గు మరో రూపం ధరించింది: నెత్తురు స్థానంలో నీలిరంగు నీరు పోసి చూపడం దశాబ్దాలుగా ఆనవాయితీ కాగా, 2017లో బ్రిటన్‌లో 'బాడీఫార్మ్' ఎర్రరంగును చూపడమే సంచలనమైంది. దానికి మూడేళ్ల ముందే మనదేశంలో 'విస్పర్' సంస్థ, ముట్టుతో ఉన్న ఆడపిల్ల తాకితే పచ్చడి చెడిపోతుందన్న నమ్మకాన్ని సవాలు చేస్తూ, జాడీని తాకమని పిలుపునిచ్చింది. ఆవకాయ జాడీని ముట్టుకోనివ్వని ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నందున, ఆ పిలుపు ఇక్కడ ఎవరికీ వివరించవలసిన పని లేకపోయింది. 2015లో కాన్స్ ప్రకటనల ఉత్సవంలో గ్లాస్ లయన్ విభాగపు అత్యున్నత పురస్కారం పొందిన ఆ ప్రకటన కూడా సరుకు అమ్మడానికి చేసినదే. అయినా, లోటును ఆడపిల్ల ఒంటిలో కాక ఆమె చుట్టూ ఉన్న నమ్మకంలో చూపినందుకు అది పాత బాటను నిజంగా వదిలింది.