బంగారు చేపకు విలన్ ఎవరు?

పాత సాంఘిక చిత్రాల్లో జమీందారుగారి మేడ అనగానే ఏం గుర్తొస్తాయి చెప్పండి? వంపు తిరిగిన మెట్లు, పియానో, గోడమీద పులితల. ఓ మూల గాజుతొట్టి, అందులో తళుక్కుమనే బంగారు చేపలు! హీరోయిన్ అలిగి కూర్చుంటే కెమెరా ఆ అద్దంలోంచే ఆమె ముఖం చూపిస్తుంది. పాపం, ఆ చేపలకు డైలాగుల్లేవు, పారితోషికమూ లేదు. అయినా వాటిని చూసి మనసు పారేసుకున్నవాళ్ళు ఎందరో!

ఆ మోజు మేడలు దిగి తిరుపతి, చిత్తూరు మిద్దె ఇళ్ళ హాల్లోకి వచ్చేసి చాలాకాలమైంది. మన వైపు వాళ్ళకు మద్రాసు కొత్త కాదుగా! చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్న నాగయ్యగారు అక్కడికే వెళ్ళి తెరవేల్పు అయ్యారు. సినిమా పిచ్చోళ్ళకు మద్రాసంటే కోడంబాకం. చేపల పిచ్చోళ్ళకు మాత్రం కొళత్తూరు. చెన్నైలోని ఆ పేట రంగుచేపల పెంపకానికీ, అమ్మకానికీ పెట్టింది పేరు. మనకు దగ్గరున్న పెద్ద మార్కెట్టు అదే. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో చేపలు బయలుదేరతాయి. అన్నట్టు, ఊత్తుకోట దారిన వచ్చే సంచులు నాగలాపురం మీదుగానే రావాలి. అక్కడి వేదనారాయణస్వామి మత్స్యావతారమూర్తి! అంటే మన చేపలు మూలపురుషుడికి దణ్ణం పెట్టుకునే తిరుపతిలో కాలు... కాదు, రెక్క పెడతాయన్నమాట.

ఇక తారాగణం సంగతి. తలమీద కిరీటంలా కండ పెరిగేది ఒరాండా. వీపు ఎత్తుగా, తోక చీరకుచ్చిళ్ళలా జారేది ర్యూకిన్. నల్లటి ఒళ్ళు, గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు - బ్లాక్ మూర్. కళ్ళకింద నీటిబుడగల్లాంటి సంచులు వేలాడేది బబుల్ ఐ. వీపున రెక్కే లేకుండా బొద్దుగా ఉండేది రాంచు. చైనాలో వెయ్యేళ్ళ కిందట మామూలు చెరువు చేపలోంచి ఏరిఏరి పెంచిన జాతి ఇది. ఆ తరవాత జపానువాళ్ళూ చెయ్యి కలిపారు. ఈ అందం వాటికి కష్టమే తెచ్చిపెట్టింది లెండి. ఒళ్ళు గుండ్రంగా కుదించుకుపోవడంతో లోపలి గాలితిత్తికి చోటు చాలక కొన్ని తలకిందులైపోతాయి. నీటిమీద తేలే మేత గుటుక్కున మింగితే గాలి కూడా లోపలికి పోతుంది. అందుకే మునిగే మేత మంచిది. అదీ రెండు నిముషాల్లో తినేసేంతే! వీటికి అసలు జీర్ణాశయమే లేదు, తిన్నది తిన్నట్టు పేగుల్లోకి పోతుంది.

సరే, కొనడానికి వచ్చిన కుర్రాడు షాపులో ఏమంటాడు? "అన్నా, ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది ఇయ్యన్నా!" చైనావాళ్ళ ఫెంగ్‌షూయ్ లెక్క అది. ఎనిమిది బంగారు రంగువి అదృష్టం తెస్తాయట, నల్లది దిష్టి తీస్తుందట. తొమ్మిదింటినీ తీసుకెళ్ళి రెండడుగుల తొట్టిలో వేస్తాడు. వారం తిరక్కుండా ఒకటి వెల్లకిలా తేలుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, "పోనీలే నాయనా, మనింటి కీడంతా అదే తీసుకుపోయింది" అంటారు. ఇంకోటి కొనుక్కొస్తాడు. అదీ 'కీడు' తీసుకుపోతుంది!

ఈ ఓదార్పు మాటతోనే నాకు పేచీ. ఒక ప్రాణం పోయినందుకు బాధపడాల్సింది పోయి లాభం జరిగిందనుకుంటే, అది ఎందుకు పోయిందో ఎవరు ఆలోచిస్తారు?

ఆ చావుకు కారణం కీడూ కాదు, దిష్టీ కాదు. అసలు విలన్ పేరు అమ్మోనియా. తెరమీద కనపడడు, వాసన కూడా రానివ్వడు. చేప మొప్పల్లోంచీ, మిగిలిపోయి కుళ్ళిన మేతలోంచీ పుట్టి, ఆ మొప్పల్నే కాల్చేస్తాడు. వీణ్ణి మట్టుబెట్టే హీరో కూడా కంటికి కనపడనివాడే. ఫిల్టర్ స్పాంజిలో, అడుగునున్న గులకరాళ్ళమీద కాపురముండే బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని పెద్దగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తుంది. ఈ సైన్యం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటిరోజే తొమ్మిది చేపలంటే, హీరో ఎంట్రీకి ముందే క్లైమాక్స్ అయిపోయినట్టు!

ఇంకో చిత్రం చూడండి. ఆదివారం వస్తే చాలు, కొందరు తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు సబ్బుపెట్టి తోమి, అద్దంలా మెరిపిస్తారు. అంత శుభ్రం చేసినా చచ్చిపోయాయేంటి అని వాపోతారు. కడిగేసింది ఆ సైన్యాన్నే మరి! వారానికోసారి పావువంతు నీళ్ళు మారిస్తే చాలు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి.

రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నిండుగా పోస్తే పట్టేది 56 లీటర్లే. బొద్దు చేపలు రెండు మూడు హాయిగా బతకాలంటే మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఎత్తు ఉండాలి. అందులో 190 లీటర్లు పడతాయి. ఇక బల్లమీద పెట్టే గుండ్రటి గాజుబుడ్డి సంగతి అడగొద్దు. 2005లో రోము నగరంలో అలాంటి బుడ్డిలో చేపను పెంచకూడదని చట్టమే చేశారు. చేప ఆయుష్షే అంతంటారా? 'మాయాబజార్' విడుదలకు ముందు, 1956లో ఇంగ్లండులో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే బంగారు చేప 1999 దాకా బతికింది. 43 ఏళ్ళు! అది బొద్దు జాతి కాదనుకోండి. బొద్దువి కూడా సరిగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతాయి.

నీళ్ళ దగ్గరా మనవాళ్ళు పొరబడుతుంటారు. బకెట్లకు తెల్లగా సున్నపు పొర కట్టించే మన బోరునీళ్ళు బంగారు చేపకు ఇబ్బంది కాదు. మంచిదని క్యాను నీళ్ళు పోస్తేనే చిక్కు. ఖనిజాలు తీసేసిన ఆ నీటికి నిలకడ ఉండదు, పులుపు ఉన్నట్టుండి పెరిగిపోతుంది. కాకపోతే బోరునీటి క్షారగుణంలో అమ్మోనియాకు కోరలు ఎక్కువ. కనక చేపల సంఖ్య తగ్గించుకోవడమే మార్గం. మునిసిపల్ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. షాపుల్లో యాంటీ క్లోరిన్ చుక్కలమందు అమ్ముతారు. వెయ్యకుండా పోశారో, చేపతోపాటు బాక్టీరియా కూడా హరీ!

అసలు పరీక్ష మే నెలలో. తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుందని మీకు వేరే చెప్పాలా? బంగారు చేప చల్లనీటి జీవి. ఇరవై డిగ్రీల దగ్గర లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, ముప్ఫై దగ్గర కరిగేది ఏడున్నరే. చేపకేమో వేడిలో ఊపిరి ఎక్కువ కావాలి. ఈ లెక్కలో మదనపల్లె వాళ్ళు కాస్త అదృష్టవంతులు! మిగతావాళ్ళు తొట్టిని కిటికీ ఎండకు దూరంగా పెట్టి, మూత తీసి, నీటిమీదికి ఫ్యాను తిప్పాలి. నీళ్ళు గడ్డకట్టిన సీసాను మూత బిగించి తేలేయొచ్చు గానీ, ఐసుముక్కలు నేరుగా గుమ్మరించకూడదు. వేడి ఒక్కసారిగా పడిపోతే అదో దెబ్బ.

మధ్యాహ్నం మ్యాట్నీ వేళకు కరెంటు పోయిందనుకోండి, గాలిపంపు ఆగిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆకలేమో అని మేత వెయ్యకండి! చెంబుతో తొట్టిలో నీళ్ళే ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పొయ్యండి. పోస్తూనే ఉండండి. ఆ నురగల్లోంచే గాలి నీటిలో కలుస్తుంది. కరెంటు వచ్చేదాకా ఇంట్లో వాళ్ళు వంతులు వేసుకోవచ్చు.