ఇల్లులేని రోగి

ముళబాగిలుకు ఆ పేరు ఎలా వచ్చినదో మన పిల్లలకు కూడా తెలుసు. మూడల బాగిలు, అంటే మైసూరు సీమకు తూర్పు వాకిలి. వాకిలి అన్నాక వచ్చేవారూ పోయేవారూ ఉంటారు. ఎటూ పోలేక గడపమీదనే కూర్చుండిపోయేవారు కొందరుంటారు. ఆంజనేయస్వామి గుడి వీధిలో, హైదర్ వలీ దర్గా దగ్గర, బస్సుస్టాండు అరుగులమీద, మద్రాసు రోడ్డు పక్కన అంగళ్ల చూరుకింద పడుకునే అట్టివారిని మనం చిన్ననాటినుంచి చూస్తూనే ఉన్నాము. చూసి చూసి, చూడడం మానివేశాము అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకున్నప్పుడు వీరు మళ్లీ మన కంటబడ్డారు. వీధిలో ఇంకెవరూ లేరు గనుక.

ఆ రోజుల్లో రేడియో పెట్టినా, టెలిఫోను తీసినా వినవచ్చిన సలహాలు మూడు. ఇంట్లోనే ఉండండి, మాటిమాటికీ సబ్బుతో చేతులు కడుక్కోండి, జ్వరం వస్తే వేరే గదిలో పడుకోండి. మంచి సలహాలే. కాని మొదటిదానికి ఇల్లు కావాలి, రెండవదానికి కొళాయి కావాలి, మూడవదానికి ఒక గది ఎక్కువే ఉండాలి. ఆశా కార్యకర్తలు ఎండనపడి ఇల్లిల్లూ తిరిగి దగ్గు, జ్వరం అడిగి రాసుకున్నారు. వారి శ్రమకు ఎంత చెప్పినా తక్కువే. అయితే ఇంటింటి లెక్కలో అరుగుకు నంబరు ఉండదు గదా!

ఆ మార్చి చివరిలోనే మన తాలూకా నంగలి సరిహద్దు దగ్గర ఇంకొక విధమైన ఇల్లులేనితనం చూశాము. మంగళూరు వైపు కూలిపనులకు పోయిన మన ఆంధ్రులు వెయ్యిమందికి పైచిలుకు స్వరాష్ట్రానికి తిరిగిపోతూ వచ్చి, దాటడానికి వీలులేక కోలారు జిల్లాలోనే నిలిచిపోయారు. మార్చి 29న కేంద్ర హోంశాఖ సరిహద్దులు మూయమన్నది. దారిలో ఉన్నవారికి ఎక్కడివారికక్కడే వసతి, భోజనం, 14 రోజుల క్వారంటైను ఏర్పాటు చేయమన్నది. ఊళ్లో సొంత ఇల్లు, పెళ్లాం పిల్లలు ఉన్నవారు కూడా గీత ఇవతల కొన్నాళ్లు ఇల్లులేనివారే అయ్యారు. వారికి తలదాచుకునే చోటు దొరికింది, వైద్యులు వచ్చి చూశారు. మన అరుగులమీది పాతవారి సంగతి మాత్రం ఏ ఉత్తరువులోను అంత స్పష్టంగా లేదు.

మేము నలుగురైదుగురు ఇళ్లవాళ్లం కూడి పొట్లాలు కట్టి పంచాము. చిత్రాన్నం ఒకనాడు, పెరుగన్నం ఒకనాడు. ఇది గొప్పకు చెప్పడం లేదు. అందులో మా తెలివితక్కువ ఎంతో చెప్పడానికి చెబుతున్నాను. గుడి వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. మాట అనంతపురం యాస. ఎడమకాలికి ఎప్పుడూ పాల కవరు చుట్టి, తాడు కట్టి ఉండేది. మూడు వారాలు రోజూ అన్నం పెట్టాము. ఆ కవరు కింద ఏమున్నదో ఒక్కరమూ అడగలేదు. చివరికి మా బంధువులలో నర్సుపని చేసి విరమించిన ఒకావిడ కూర్చుని ఆ తాడు విప్పింది. చక్కెరజబ్బు పుండు, బొటనవేలు నల్లబడుతున్నది.

ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు చక్కగానే చూశాడు. పుండు శుభ్రంచేసి, మందులు రాసి, “రోజూ కట్టు మార్చాలి, తడి తగలకూడదు, నేలమీద కాలు మోపకూడదు, దిండుమీద ఎత్తిపెట్టుకొని పడుకో తాతా” అన్నాడు. ముసలాయన మా ముఖం చూసి, “దిండెక్కడిది నాయనా?” అన్నాడు, అంతే. నవ్వుతూనే అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

వైద్యమంటే మందు, సూది అనుకుంటాము. మందు పనిచేసేది మనిషి పడుకున్న తరువాత. అరుగుమీద మాత్రలు వానకు తడుస్తాయి, చీటీ పోతుంది, ఇన్సులిను చల్లగా దాచుకునే చోటుండదు. క్షయ మందు ఆరునెలలు తప్పకుండా మింగాలి. ఆరునెలలు ఒకేచోట ఉండనిచ్చేవారెవరు? మహమ్మారి కాలంలో ఈ పాత జబ్బులన్నిటికీ మరొక చిక్కు తోడైంది: ఆసుపత్రులు కోవిడ్ పనిలో మునిగిపోయినవి. బస్సులు లేవు.

పోనీ, అందరినీ ఒక హాలులో చేర్చి పడుకోబెడితే సరిపోతుందా? అదీ చాలదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 2020 ఏప్రిల్ మొదట్లో ఒక పెద్ద ఆశ్రయంలో ఉన్న 408 మందినీ పరీక్షిస్తే 147 మందికి కోవిడ్ ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి దగ్గూ లేదు, జ్వరమూ లేదు. పక్కపక్క మంచాలే రోగానికి వంతెనలైనవి. ఇంగ్లండులో అదే మార్చిలో వేరు దారి పట్టారు. ఖాళీపడిన హోటళ్లలో గదులు తీసుకొని, మే నెలకు సుమారు 15,000 మందిని విడివిడిగా ఉంచారు. ఇలాంటి ఏర్పాట్లు అన్నీ కలిసి మొదటి విజృంభణలో ఇల్లులేనివారిలో 266 మరణాలను తప్పించి ఉంటవని పరిశోధకులు తరువాత లెక్కగట్టారు. తలుపు ఉన్న గది కూడా ఒక మందే అన్నమాట.

మన చిన్న ఊళ్లకు ఇందులో ఒక అన్యాయం ఉన్నది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణనవారు లాంతరు వేళ తిరిగి లెక్కించిన ఇల్లులేనివారు దేశంలో 17 లక్షల 73 వేలమంది. పట్టణాలలో వీరికోసం కేంద్రం పెట్టిన పథకంలో లక్ష జనాభాకు నూరుమంది పట్టే ఆశ్రయం అని కొలత ఉండేది. ఆ జనగణనలో ముళబాగిలు జనాభా 57 వేల చిల్లర. లక్ష లెక్కన కొలిచేచోట మనలాంటి ఊరు ఎవరి చూపుకు ఆనుతుంది?

టీకా వచ్చినప్పుడూ మొదట ఇదే తంతు. ఆధారు అడిగారు, ఫోను నంబరు అడిగారు. 2021 మే 6న కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తింపు చీటీలు లేనివారికి కూడా టీకా వేయవలసిన పద్ధతి ప్రకటించినది. సంచారులు, సాధువులు, దారి పక్క బిచ్చగాళ్లు అందులో పేరుపెట్టి చెప్పబడ్డారు. మంచి ఉత్తరువే. అయితే టీకాలు మొదలై అప్పటికి మూడున్నర నెలలు దాటినవి, రెండవ విజృంభణ నడినెత్తిన ఉన్నది.

మన పెద్దలు ఈ విషయంలో మనకన్న తెలివిగలవారేమో అనిపిస్తుంది. పూర్వం బాటల వెంబడి సత్రాలు ఉండేవి, మైసూరు ముజరాయి శాఖ వాటి మంచిచెడ్డలు చూసేది. బాటసారికి జ్వరం తగిలితే నాలుగు రోజులు పడి ఉండేందుకు ఒక చావడి ఉండేది. అంతా బంగారు కాలమని అనను. కులం అడిగి లోనికి రానిచ్చిన సత్రాలే ఎక్కువ. 1898లో బెంగుళూరికి ప్లేగు వచ్చినప్పుడు ఊళ్లు వదిలి పొలాల్లో పాకలు వేసుకున్న కథలు మన ఇళ్లలో అవ్వలు చెప్పేవారు. ఆ పాకల్లో ఉన్నవాడూ లేనివాడూ ఒకటే, కనీసం కొన్నాళ్లు.

కట్టడాలు లేవంటారా? మన పక్కనే కోలారు బంగారు గనులున్నవి. 2001లో గనులు మూతపడ్డ తరువాత అక్కడి పెద్దాసుపత్రి ఇరవై ఏళ్లు పాడుబడి ఉన్నది. 2021 మేలో స్వచ్ఛంద సేవకులు వందలుగా చేరి, బూజులు దులిపి, ఇంచుమించు రెండు వారాలలో కోవిడ్ రోగులకు పడకలు వేశారు. అంత ఆసుపత్రే రెండు వారాలలో లేచినప్పుడు, మన తాలూకా కేంద్రంలో పది మంచాలు, ఒక కొళాయి, తాళంవేసే మందుల బీరువా, పూటకొకసారి వచ్చే నర్సమ్మ ఉన్న ఒక ఇంటికి ఎన్నాళ్లు పట్టాలి? ఆసుపత్రి నుంచి పంపివేసిన మనిషి పుండు మానేదాకా ఉండే చోటు, అంతకన్న అక్కరలేదు. పెళ్లిళ్లకు హాళ్లు కట్టించిన మన కుటుంబాలకు ఇది మోయలేని బరువు కాదని నా అభిప్రాయం.

ముసలాయన సంగతి చెప్పలేదు గదూ. మాలో ఒకరింటి దొడ్లో, పశువులు లేక ఖాళీగా ఉన్న కొట్టం కడిగి, సున్నం కొట్టించి, నులకమంచం వేశాము. నర్సుగా చేసినావిడ రోజూ ఉదయం వచ్చి కట్టు మార్చేది. ముక్కుకు గుడ్డ కట్టుకునే వచ్చేది, ఆయనకూ కట్టేది. వేలు పోయింది, కాలు దక్కింది. ఏడు వారాలకు పుండు మానింది. బస్సులు తిరగడం మొదలైన కొద్దిరోజులకు, ఒకనాడు తెల్లవారేసరికి మంచం ఖాళీగా ఉన్నది. గ్లాసూ పళ్లెమూ కడిగి గూట్లో బోర్లించి ఉన్నవి. దుప్పటి మడతపెట్టి ఉన్నది.

దిండు మాత్రం తీసుకుపోయాడు.